డేవిడ్ లో

సర్ డేవిడ్ అలెగ్జాండర్ సెసిల్ లో (1891 ఏప్రిల్ 7 - 1963 సెప్టెంబరు 19) ఇరవయ్యవ శతాబ్దపు ప్రథమార్ధములో ప్రపంచ ప్రసిద్ధి పొందిన రాజకీయ వ్యంగ్య చిత్రకారుడు. న్యూజీలాండ్ దేశములో జన్మించి, ఆస్ట్రేలియాలో పేరు గడించి, బ్రిటన్‌లో స్థిరపడ్డాడు. లండన్ నుండి వెలువడే ఈవెనింగ్ స్టాండర్డ్ పత్రికలో 1927 నుండి రెండు దశాబ్దాలకు పైగా ఈయన గీసిన కార్టూన్లు ఆ కాలపు ఐరోపా చరిత్రకు ఒక విధమైన చిత్ర వ్యాఖ్యానములు. లాయిడ్ జార్జి, బాల్డ్విన్, ఛాంబర్లేన్, చర్చిల్, హిట్లర్, ముస్సోలినీ, స్టాలిన్ మొదలైన నాయకుల రూపాలు, వారు పలికిన నినాదాలు నేటి పాఠకుల మనసులలో నిలిచిన తీరుకు ఈయన కుంచె చాలా వరకు కారణము. కర్నల్ బ్లింప్ అనే కల్పిత పాత్ర ఈయన సృష్టియే.

ఈయన ఇంటిపేరు తెలుగులోని విభక్తి ప్రత్యయమును పోలి ఉండుట వలన చదువరులకు తికమక కలగకుండా ఈ వ్యాసములో ఇక మీదట డేవిడ్ అని వ్రాయబడినది.

బాల్యము, విద్య

డేవిడ్ న్యూజీలాండ్ దక్షిణ ద్వీపములోని డునెడిన్ పట్టణములో జన్మించాడు. తండ్రి డేవిడ్ బ్రౌన్ లో, తల్లి జేన్ కరోలిన్ ఫ్లానగన్. తండ్రి మందుల వ్యాపారి. కుటుంబము తరువాత క్రైస్ట్‌చర్చ్ నగరానికి చేరినది. డేవిడ్ పెద్దన్న ఉదరకోశ వ్యాధితో చిన్న వయసులోనే మరణించాడు. అతి చదువు వల్లనే కుమారుని శరీరము బలహీనపడినదని తల్లిదండ్రులు భావించారు. అందువలన డేవిడ్ బడి చదువు త్వరగా ముగిసినది. ఆ తరువాత ఈయన విద్య అంతా సొంతముగా చదివిన పుస్తకాల ద్వారా, పాత హాస్య పత్రికలలోని బొమ్మలను చూసి గీసుకొనుట ద్వారా సాగినది.

పదకొండేళ్ళ వయసులో ఈయన పంపిన మూడు బొమ్మల వరుస బిగ్ బడ్జెట్ అనే బ్రిటిష్ పిల్లల పత్రికలో అచ్చయినది. 1910లో కాంటర్‌బరీ టైమ్స్ పత్రికలో కార్టూనిస్టుగా వృత్తి జీవితము ప్రారంభించాడు.

ఆస్ట్రేలియాలో

1911లో డేవిడ్ సిడ్నీ నగరానికి వెళ్ళి బులెటిన్ అనే వారపత్రికలో చేరాడు. నాటి ఆస్ట్రేలియాలో ఈ పత్రిక బొమ్మలకు పెట్టింది పేరు. 1915లో ప్రధానమంత్రి అయిన బిల్లీ హ్యూస్ ఈయనకు మొదటి పెద్ద వస్తువుగా దొరికాడు. హ్యూస్ పొట్టివాడు, కోపిష్ఠి, బల్ల గుద్ది మాట్లాడే స్వభావము గలవాడు. వేల్స్ ప్రాంతపు తల్లిదండ్రులకు జన్మించినవాడు.

1916లో డేవిడ్ గీసిన ఇంపీరియల్ కాన్ఫరెన్స్ అనే కార్టూన్ గొప్ప పేరు తెచ్చినది. లండన్‌లో బ్రిటిష్ మంత్రుల మధ్య నిలబడి హ్యూస్ వీరావేశముతో అరుస్తూ ఉంటాడు. కాగితాలు ఎగిరిపోతూ ఉంటాయి. బ్రిటిష్ ప్రధాని ఆస్క్విత్ భయపడి, లాయిడ్ జార్జిని పిలిచి, వేల్స్ భాషలో మాట్లాడి ఆయనను శాంతింపజేయమని వేడుకుంటాడు. లాయిడ్ జార్జి కూడా వేల్స్ ప్రాంతపు వాడే. సామ్రాజ్య ఐక్యత గురించి హ్యూస్ చేస్తున్న గంభీర ప్రసంగాల సారాంశము ఈ ఒక్క బొమ్మతో నవ్వులాటగా మారినది. హ్యూస్ ఈయన మీద మండిపడ్డాడు. 1918లో హ్యూస్ బొమ్మలన్నీ ది బిల్లీ బుక్ అనే పుస్తకముగా వెలువడినవి. ఆ పుస్తకము లండన్‌లోని ది స్టార్ పత్రిక యజమానులలో ఒకరైన హెన్రీ క్యాడ్బరీ దృష్టిలో పడినది. ఆయన ఆహ్వానముపై 1919లో డేవిడ్ లండన్ చేరాడు. 1920లో న్యూజీలాండ్‌కు చెందిన మాడెలిన్ గ్రీవ్ కెన్నింగ్‌ను వివాహమాడాడు. వీరికి ఇద్దరు కుమార్తెలు. వారిలో రేచెల్ లో బ్రిటిష్ చలనచిత్ర చరిత్రకారిణిగా ప్రసిద్ధి చెందినది.

లండన్‌లో తొలి సంవత్సరాలు

ది స్టార్ లిబరల్ భావాలు గల పత్రిక. అప్పుడు లాయిడ్ జార్జి నాయకత్వములో లిబరళ్ళు, కన్సర్వేటివులు కలిసి సంకీర్ణ ప్రభుత్వము నడుపుతున్నారు. జాతీయ ఐక్యత అన్నది వారి నినాదము. డేవిడ్ ఆ ప్రభుత్వాన్ని రెండు తలల గాడిదగా గీసాడు. 1922 అక్టోబరులో ప్రభుత్వము కూలిపోయేంత వరకు ఆ గాడిద ఈయన బొమ్మలలో తిరుగుతూనే ఉన్నది. ఐక్యత అనే పెద్ద మాటకు ఎదురుగా ఒక జంతువును నిలబెట్టుట తప్ప ఈయన వేరే వాదన ఏదీ చేయలేదు. అదే చాలినది.

1926లో న్యూ స్టేట్స్‌మన్ వారపత్రికకు అనుబంధముగా ప్రముఖుల రూపచిత్రాలు గీసాడు. ఇవి కార్టూన్ల వంటివి కావు. మనిషి నడక, నిలబడే తీరు, కోటు ముడతలు, చేతివేళ్ళ కదలిక గమనించి గీసిన చిత్రాలు. ముఖములోని ముక్కునో చెవినో పెద్దది చేయుట మాత్రమే వ్యంగ్య చిత్రము కాదనీ, వ్యక్తి స్వభావమును పట్టుకొనవలెననీ ఈయన అభిప్రాయము. ఇందుకోసము పార్లమెంటుకు వెళ్ళి నాయకులను ప్రత్యక్షముగా పరిశీలించేవాడు. కుంచె, నల్ల సిరాతో గీసిన ఈయన గీత చూడటానికి అలవోకగా కనిపించినా, దాని వెనుక అనేక చిత్తు ప్రతులు ఉండేవి.

ఈవెనింగ్ స్టాండర్డ్

ఈవెనింగ్ స్టాండర్డ్ యజమాని లార్డ్ బీవర్‌బ్రూక్ కన్సర్వేటివ్ పక్షపాతి, సామ్రాజ్యవాది. డేవిడ్ వామపక్ష భావాల వైపు మొగ్గు గలవాడు. అయినా బీవర్‌బ్రూక్ ఈయన కోసము కొన్నేళ్ళు ప్రయత్నించి 1927లో తన పత్రికలోకి తీసుకున్నాడు. వస్తువును ఎన్నుకొనుటలోనూ, దానిని చిత్రించుటలోనూ పూర్తి స్వేచ్ఛ ఉండవలెనని డేవిడ్ ఒప్పందములో వ్రాయించుకున్నాడు. ఒకే పత్రికలో సంపాదకీయము ఒక మాట చెబుతుంటే, కార్టూన్ దానికి విరుద్ధమైన మాట చెప్పే విచిత్ర పరిస్థితి దీనివలన ఏర్పడినది. పత్రిక యజమానిని కూడా డేవిడ్ విడిచిపెట్టలేదు. బీవర్‌బ్రూక్‌ను పెద్ద తల, వెడల్పాటి నవ్వు గల గుజ్జురూపముగా అనేకసార్లు గీసాడు.

కర్నల్ బ్లింప్

1934 ఏప్రిల్ 21న కర్నల్ బ్లింప్ పాత్ర మొదటిసారిగా కనిపించినది. బట్టతల, బొద్దు మీసాలు, లావుపాటి శరీరము గల ఈ విశ్రాంత సైనికాధికారి టర్కిష్ స్నానశాలలో తువాలు చుట్టుకొని తన అభిప్రాయాలు చెబుతూ ఉంటాడు. అశ్విక దళాలకు గుర్రాల బదులు యంత్ర వాహనాలు ఇచ్చినా పాత వేషధారణ మారరాదని వాదించేవారి మాటలు ఈ పాత్రకు ప్రేరణ.

బ్లింప్ మాటలకు ఒక పద్ధతి ఉన్నది. మొదట ఎవరో ఒక ప్రభువు చెప్పినది సరియైనదని గట్టిగా సమర్థిస్తాడు. తరువాతి వాక్యములోనే దానికి పూర్తిగా విరుద్ధమైనది చెబుతాడు. శాంతి కావాలంటే యుద్ధము చేయాలి, స్వేచ్ఛ నిలవాలంటే నోళ్ళు మూయించాలి అన్న ధోరణి ఇది. నాటి నాయకుల నినాదాలను రెండడుగులు ముందుకు నడిపిస్తే అవి ఎక్కడికి చేరతాయో బ్లింప్ చూపించేవాడు. కొద్ది సంవత్సరాలలోనే బ్లింప్ అన్న మాట ఆంగ్ల నిఘంటువులలో చేరినది. 1943లో మైకేల్ పావెల్, ఎమెరిక్ ప్రెస్‌బర్గర్ ఈ పాత్ర పేరుతో చలనచిత్రము తీసారు. యుద్ధకాలములో సైన్యాన్ని చులకన చేస్తుందని భావించి చర్చిల్ ఈ చిత్రాన్ని అడ్డుకొనుటకు ప్రయత్నించాడు గాని అది విడుదలయినది.

నాయకులు, వారి నినాదాలు

నాయకుడు పలికిన మాటను పట్టుకొని, ఆ మాటనే అతనికి వస్త్రముగా తొడుగుట డేవిడ్ పద్ధతి. కొన్ని ముఖ్య ఉదాహరణలు క్రింద ఇవ్వబడినవి.

స్టాన్లీ బాల్డ్విన్: 1935 డిసెంబరులో ఇటలీ ఇథియోపియాపై దండయాత్ర చేస్తున్న సమయములో బ్రిటన్, ఫ్రాన్స్ విదేశాంగ మంత్రులు హోర్, లావల్ రహస్యముగా ఒక ఒప్పందము కుదుర్చుకున్నారు. ఇథియోపియాలో పెద్ద భాగాన్ని ముస్సోలినీకి అప్పగించుట దాని సారాంశము. విషయము పత్రికలకు పొక్కింది. ప్రధానిగా ఉన్న బాల్డ్విన్ పార్లమెంటులో మాట్లాడుతూ, తన పెదవులకు ఇంకా ముద్ర తొలగలేదని, తొలగితే అందరినీ ఒప్పించగలనని అర్థము వచ్చేలా చెప్పాడు. ఆ తరువాత చాలా కాలము డేవిడ్ బాల్డ్విన్‌ను నోటికి పట్టీ అంటించినవాడిగానే గీసాడు. బాల్డ్విన్ అన్న మాట ప్రజల నోట కాస్త మారి, తన పెదవులు మూసివేయబడినవన్న చిన్న వాక్యముగా నిలిచిపోయినది. బాల్డ్విన్ మూడుసార్లు ప్రధానిగా పనిచేసాడు. ఆయన పేరు వినగానే చాలామందికి గుర్తుకు వచ్చేది మాత్రము ఈ పట్టీయే.

జె. హెచ్. థామస్: ఈయన రైల్వే కార్మిక సంఘ నాయకుడు, తరువాత మంత్రి అయ్యాడు. కార్మికుల ప్రతినిధినని చెప్పుకునే ఈయనకు విందులన్నా, విందు దుస్తులన్నా మక్కువ. డేవిడ్ ఈయన బిరుదునే మార్చి గౌరవనీయ విందు చొక్కా అని పేరు పెట్టాడు. గంజి పెట్టిన తెల్ల చొక్కా ఈయనకు గుర్తుగా నిలిచినది.

నెవిల్ ఛాంబర్లేన్: 1938 ఫిబ్రవరి 18న ప్రచురితమైన ఒక కార్టూన్‌లో జర్మనీ చిన్న దేశాలను ఒకదానిపై ఒకటి పడేలా నెడుతూ ఉంటుంది. వరుస చివర ఉన్న బ్రిటన్, ఎక్కడో దూరాన ఎవరో ఎవరినో నెడుతుంటే మనకెందుకని అనుకుంటుంది. ఆ నెట్టుడు చివరకు తన మీదకే వస్తున్నదని గమనించదు. ఏడు నెలల తరువాత, సెప్టెంబరు 27న, ప్రధాని ఛాంబర్లేన్ రేడియోలో చెకోస్లొవేకియా వివాదము గురించి మాట్లాడుతూ, దూర దేశములో మనకు ఏమీ తెలియని ప్రజల మధ్య తగాదా అని వర్ణించాడు. ఇక్కడ కార్టూన్ ముందు వచ్చినది, నాయకుని మాట తరువాత వచ్చినది.

సెప్టెంబరు 30న మ్యూనిచ్ ఒప్పందము ముగించుకొని వచ్చిన ఛాంబర్లేన్ మన కాలానికి శాంతి లభించినదని ప్రకటించాడు. దేశమంతా ఊపిరి పీల్చుకున్నది. జనము వీధులలో జయజయధ్వానాలు చేసారు. అదే రోజు డేవిడ్ కార్టూన్‌లో హిట్లర్, ఛాంబర్లేన్, ఫ్రాన్సు ప్రధాని దలాదియే, ముస్సోలినీ సమావేశమై ఉండగా స్టాలిన్ వచ్చి, తనకు కుర్చీ లేదా అని అడుగుతాడు. మ్యూనిచ్‌లో సోవియట్ రష్యాను పక్కన పెట్టుట ఎంత ప్రమాదకరమో మరుసటి సంవత్సరము ఆగస్టులో జర్మనీ, రష్యాల మధ్య కుదిరిన ఒప్పందముతో తేలినది. ఛాంబర్లేన్ చేతిలోని గొడుగు ఆ కాలపు కార్టూనిస్టులందరికీ ఆయన గుర్తు అయినది. రక్షణ కోసము పట్టుకునే వస్తువు నిస్సహాయతకు చిహ్నముగా మారినది.

విన్‌స్టన్ చర్చిల్: డేవిడ్ చర్చిల్‌ను ఇరవై ఏళ్ళు ఎగతాళి చేసాడు. అయినా చర్చిల్ ఈయనను ఆధునిక కార్టూనిస్టులలో అందరి కంటే గొప్పవాడని తన వ్యాసములో ప్రశంసించాడు. చర్చిల్ 1940 మే 10న ప్రధాని అయ్యాడు. మే 14న ప్రచురితమైన కార్టూన్‌లో చర్చిల్ చొక్కా చేతులు పైకి మడుచుకుంటూ ముందుకు నడుస్తుంటాడు. ఆయన పక్కన లేబర్ నాయకుడు అట్లీ, వెనుక వరుసలో ఛాంబర్లేన్, వారి వెనుక దేశ ప్రజలందరూ ఉంటారు. తాను ఇంతకాలము దుయ్యబట్టిన ఛాంబర్లేన్‌ను కూడా ఆ వరుసలో చేర్చుట గమనింపదగినది. ఫ్రాన్స్ చేతులెత్తేసిన మరునాడు, జూన్ 18న, అలలు కొడుతున్న బండపై ఒక సైనికుడు ఒంటరిగా నిలిచి, శత్రు విమానాల వైపు పిడికిలి చూపుతున్న చిత్రము ప్రచురితమైనది. సరే, ఒంటరిగానే అన్నది దాని భావము. నాయకుని నినాదాన్ని ఎగతాళి చేయడమే వృత్తిగా గల వ్యక్తి దేశానికి తానే ఒక నినాదము ఇచ్చిన సందర్భము ఇది.

నియంతలతో ఘర్షణ

హిట్లర్‌ను రాక్షసునిగా చిత్రించుట డేవిడ్‌కు ఇష్టము లేదు. రక్తము తాగే రాక్షసుడని గీస్తే నియంతకు అది గర్వకారణమే అవుతుందనీ, బుద్ధిహీనునిగా, అహంకారిగా గీస్తే మాత్రము సహించలేడనీ ఈయన భావన. ఈ అంచనా నిజమని జర్మన్ ప్రభుత్వమే నిరూపించినది. 1937 నవంబరులో బ్రిటిష్ మంత్రి లార్డ్ హాలిఫాక్స్ జర్మనీకి వెళ్ళినప్పుడు, ప్రచార మంత్రి గోబెల్స్ బ్రిటిష్ పత్రికల తీరుపై, అందులోనూ డేవిడ్ కార్టూన్లపై ఫిర్యాదు చేసాడు. హాలిఫాక్స్ తిరిగి వచ్చి డేవిడ్‌ను స్వయముగా కలిసి, రెండు దేశాల మధ్య శాంతి కోసము కొంత తగ్గమని కోరాడు.

ఇది ఈయన జీవితములో కఠిన పరీక్ష. తన గీత వలన యుద్ధము వస్తుందేమోనన్న మాట ఏ చిత్రకారునికైనా బరువైనదే. డేవిడ్ కొంతకాలము తగ్గాడు. హిట్లర్, ముస్సోలినీ ముఖాలు కలిపి మజ్లర్ అనే కల్పిత నియంతను సృష్టించి, ఎవరి పేరూ చెప్పకుండా గీసాడు. 1938 మార్చిలో జర్మనీ ఆస్ట్రియాను ఆక్రమించుకోగానే ఈయన మరల హిట్లర్‌ను హిట్లర్‌గానే గీయసాగాడు. బ్రిటన్‌ను జయించిన తరువాత నిర్బంధించవలసిన వారి పేర్లతో జర్మన్ రహస్య పోలీసులు 1940లో తయారు చేసిన జాబితాలో డేవిడ్ పేరు కూడా ఉన్నది.

ఈయన కార్టూన్లలో అత్యంత ప్రసిద్ధమైనది 1939 సెప్టెంబరు 20న వెలువడిన రాందెవూ. పోలండ్‌పై పడమటి నుండి జర్మనీ, తూర్పు నుండి రష్యా దండెత్తిన రోజులవి. ఒక శవముపై హిట్లర్, స్టాలిన్ ఎదురెదురుగా నిలిచి టోపీలు తీసి మర్యాదగా వంగి నమస్కరించుకుంటారు. అంతకు ముందు ఏళ్ళ తరబడి ఒకరినొకరు తిట్టుకున్న తిట్లనే ఇప్పుడు గౌరవ సంబోధనలుగా వాడుకుంటారు. నినాదాల విలువ ఎంతటిదో ఇంత క్లుప్తముగా చెప్పిన చిత్రము మరొకటి అరుదు.

భారతదేశముతో సంబంధము

1931లో గాంధీ రెండవ రౌండ్ టేబుల్ సమావేశానికి లండన్ వెళ్ళిన కాలములో భారత సమస్య డేవిడ్ కార్టూన్లలో వస్తువైనది. భారతీయులకు స్వపరిపాలన ఇవ్వరాదని వాదించే వారిని ఈయన పరిహసించాడు. వారిలో చర్చిల్ ముఖ్యుడు.

మద్రాసు నుండి వెలువడే ది హిందూ పత్రిక డేవిడ్ కార్టూన్లను అప్పుడప్పుడు పునర్ముద్రించేది. కోస్తా ఆంధ్ర, రాయలసీమ ప్రాంతాలు అప్పుడు మద్రాసు రాష్ట్రములోనివే కనుక ఆంగ్లము తెలిసిన తెలుగు చదువరులకు కూడా ఈ బొమ్మలు అందుబాటులో ఉండేవి. మైసూరులో బాలుడిగా ఉన్న ఆర్. కె. లక్ష్మణ్ (1921 - 2015) ఈ కార్టూన్లను చూసి ప్రభావితుడయ్యాడు. సంతకములోని మొదటి అక్షరాన్ని పొరబాటున వేరుగా చదివి, చిత్రకారుని పేరు ఆంగ్లములో ఆవు అని చాలా కాలము అనుకున్నాడు. 1948లో శంకర్స్ వీక్లీ స్థాపించిన కేశవ శంకర పిళ్ళై (1902 - 1989) తరము వారికి కూడా డేవిడ్ గీత ఒక ప్రమాణముగా ఉండేది.

విమర్శ

కార్టూన్ న్యాయస్థానము కాదు. అది ఒక పక్షమునే వినిపిస్తుంది. బాల్డ్విన్, ఛాంబర్లేన్ ప్రభుత్వాల కాలములోనే బ్రిటన్ వైమానిక దళాన్ని పెంచుకొనుట ప్రారంభమైనదనీ, 1940లో దేశాన్ని కాపాడిన యుద్ధ విమానాలు ఆ నిర్ణయాల ఫలితమేననీ తరువాతి చరిత్రకారులు కొందరు గుర్తు చేసారు. నోటికి అంటించిన పట్టీలో గాని, గొడుగులో గాని ఈ విషయానికి చోటు లేదు. పాఠ్యపుస్తకాలలో డేవిడ్ కార్టూన్లను ఆ కాలపు సాక్ష్యముగా ముద్రించుట అలవాటు. అవి సాక్ష్యమే గాని తీర్పు కాదని విద్యార్థులు గ్రహించవలసి ఉన్నది. సోవియట్ రష్యా విషయములో ఈయన దృష్టి స్థిరముగా లేదన్న విమర్శ కూడా ఉన్నది. 1932లో ఆ దేశాన్ని చూసి చిత్రాలు ప్రచురించాడు, 1939లో స్టాలిన్‌ను తూర్పారబట్టాడు, 1941లో రష్యా మిత్రదేశము కాగానే మరల మెత్తబడ్డాడు.

అయినా మ్యూనిచ్ నాటి ఆనందోత్సాహాల మధ్య, తన పత్రిక యజమానికే ఇష్టము లేని మాటను ఈయన చెప్పాడు. ఆ మాట నిజమైనది.

చివరి సంవత్సరాలు

యుద్ధము ముగిసిన తరువాత న్యూరెంబర్గ్ విచారణకు హాజరై గోరింగ్ మొదలైన నాజీ నాయకులను దగ్గరగా చూసి గీసాడు. బ్రిటన్ కార్మిక సంఘాల సమాఖ్యను నెమ్మదిగా నడిచే, మంచి మనసు గల బండి గుర్రముగా గీసాడు. ఆ గుర్రాన్ని తరువాతి కార్టూనిస్టులు కూడా వాడుకున్నారు. 1950లో ఈవెనింగ్ స్టాండర్డ్ వదలి డైలీ హెరాల్డ్‌లోను, 1953లో మాంచెస్టర్ గార్డియన్‌లోను చేరాడు. 1962లో సర్ బిరుదు లభించినది. 1963 సెప్టెంబరు 19న లండన్‌లో మరణించాడు. ఈయన నివసించిన కెన్సింగ్టన్ హై స్ట్రీట్‌లోని మెల్బరీ కోర్ట్ భవనానికి స్మారక ఫలకము అమర్చబడినది. కెంట్ విశ్వవిద్యాలయములోని బ్రిటిష్ కార్టూన్ భాండాగారములో ఈయన చిత్రాలు భద్రపరచబడి ఉన్నవి.

ముఖ్యమైన పుస్తకాలు

ది బిల్లీ బుక్ (1918)
లాయిడ్ జార్జి అండ్ కో (1921)
లయన్స్ అండ్ లాంబ్స్ (1928) - రెబెకా వెస్ట్ వ్యాఖ్యలతో
లోస్ రష్యన్ స్కెచ్‌బుక్ (1932) - కింగ్‌స్లీ మార్టిన్ వ్యాఖ్యలతో
యె మ్యాడ్ డిజైనర్ (1935)
యూరప్ సిన్స్ వెర్సాయ్ (1940)
ఇయర్స్ ఆఫ్ రాత్ (1946)
లోస్ ఆటోబయోగ్రఫీ (1956) - ఆత్మకథ